ఆగు అన్నాడు, లాగు అని విన్నాను

నా చిన్నప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడింది మా మామయ్య కట్టెల అడితిలో ఉండే మొద్దులు చీల్చే యంత్రానికి. ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతున్న రోజులవి. మాది పద్మనాభం దగ్గర ఒక పల్లె. వేసవి సెలవులు ఇవ్వగానే మా నాన్న నన్ను బస్సెక్కించి, విశాఖపట్నం శివార్లలో ఉన్న అమ్మమ్మగారింటికి పంపించేసేవాడు. ఇంటి వెనకే అడితి. హోటళ్లకీ, టీ దుకాణాలకీ, జాలరిపేటలో ఇళ్లకీ అక్కణ్ణించే కట్టెలు వెళ్లేవి.

మామయ్య మా అమ్మకి తమ్ముడు. అడితి పెట్టకముందు ఒక వర్క్‌షాపులో వెల్డింగు పని చేసేవాడు. పాత ఇనప సామాన్లలో దొరికిన పెద్ద జాకీని తెచ్చి, ఒక ఇనప దూలానికి బిగించి, దాన్ని ట్రాక్టరు వెనక అమర్చుకున్నాడు. దూలానికి ఒక చివర గొడ్డలిలాంటి మందపాటి పలక ఉండేది. రెండో చివర జాకీ, దాని ముందు పళ్లెమంత ఇనప బిళ్ల. మధ్యలో మొద్దు పెట్టి లీవరు లాగితే, ఇంజను బలంతో ఆ బిళ్ల ముందుకొచ్చి మొద్దుని పలక మీదికి నెట్టేది. లీవరు అవతలికి తోస్తే వెనక్కి పోయేది. వదిలేస్తే ఎక్కడిదక్కడ నిలిచిపోయేది. ఇద్దరు మనుషులు రోజంతా గొడ్డళ్లతో కొట్టే పని ఒక పూటలో అయిపోతోందని మామయ్యకి మహా గర్వం.

నాకు దాని నెమ్మది భయం. గొడ్డలైతే ఒక్క దెబ్బ వేస్తుంది, అయిపోతుంది. ఇది తొందరపడదు, అలిసిపోదు. బిళ్ల అలా వచ్చి తగలగానే మొద్దు ముందు మూలిగినట్టు శబ్దం చేసేది. ఆ తర్వాత లోపల్నుంచి ఎముకలు విరిగినట్టు పటపటమనేది. నేను వంటింటి గడప దాటకుండా నిలబడి చూసేదాన్ని. చీలే సమయానికి చెవులు మూసుకునేదాన్ని.

నాకు పదేళ్లప్పటి సంగతి ఇది. మామూలుగా మొద్దులు అందించే పనివాడు ఆ రోజు ఎలమంచిలిలో బంధువుల పెళ్లికి వెళ్లాడు. మధ్యాహ్నానికల్లా ఒక హోటలుకి లోడు పంపాలి. మామయ్య ఒక్కడే మొద్దు పెట్టుకుంటూ, లీవరు లాక్కుంటూ సగం పని చేశాడు. అప్పుడొచ్చింది ఒక చింత మొద్దు. ఒళ్లంతా ముడులు. దూలం మీద ఎలా పెట్టినా పక్కకి దొర్లిపోతోంది. రెండు చేతులతో పట్టుకుంటే గాని నిలవదు. లీవరేమో ట్రాక్టరు పక్కన, అవతలి వైపు ఉంది. మామయ్య చుట్టూ చూశాడు. గడపలో నేను కనిపించాను.

"ఓ గుంటా, ఇలా రాయే. ఈ లీవరు పట్టుకో."

"నాకు బయమేత్తంది మామయ్యా."

"బయమెందుకే, నాను ఇక్కడే ఉన్నాను గదా. నాను లాగు అన్నాకే లాగాల. తెలిసిందా?"

తెలిసిందన్నట్టు తలూపాను. లీవరు వేడిగా ఉంది, ఇంజను అదురు దానిలోంచి మోచేతుల దాకా పాకుతోంది. మామయ్య దూలానికి అవతల వంగి, మొద్దుని పలకకి ఆనించి సర్దుతున్నాడు. వెనక కొస పైకి లేచినట్టుంది, దాన్ని కిందికి నొక్కడానికి ఎడంచెయ్యి మొద్దు వెనక్కి పోనిచ్చాడు. తల ఎత్తకుండానే ఏదో అన్నాడు. ఇంజను మోతలో నాకు చివరి అక్షరమే సరిగ్గా వినిపించింది. లాగు అన్నాడనుకున్నాను. లాగాను.

ఆయన అన్నది ఆగు అని.

బిళ్ల ఆయన వేళ్లని మొద్దుకి అదిమేసింది. మామయ్య నోట్లోంచి ఒక చిన్న శబ్దం వచ్చింది, అంతే. నేను లీవరు వదిలేశాను. బిళ్ల అక్కడే నిలిచిపోయింది, చెయ్యి లోపలే ఉండిపోయింది. రక్తం దూలం మీద నుంచి సన్నగా కిందికి కారడం చూశాను. ఆయన కుడిచెయ్యి చాచాడు. లీవరు అందలేదు. ఇంకో మూరెడు దూరం.

నేను పరుగెత్తాను. అమ్మమ్మ కోసం పరుగెత్తానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను గాని, అది అబద్ధం. అక్కణ్ణించి పారిపోవడానికి పరుగెత్తాను. ఏ క్షణాన్నైనా వెనక నుంచి కేక వినిపిస్తుందనుకున్నాను. కేక రాలేదు. ఆయన అరిచి ఉంటే ఆగేదాన్ని కాదేమో. అరవలేదు గనకే వెనక్కి తిరిగి చూశాను.

మామయ్య ముఖం బూడిదరంగులోకి మారిపోయింది. చెమట ధారగా కారుతోంది. కాని కళ్లు నా మీదే ఉన్నాయి. కుడిచేత్తో రమ్మని పిలిచాడు, అన్నానికి పిలిచినట్టు, తొందర లేకుండా. అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లాను. లీవరు దగ్గరికి వచ్చాక చేతులు ముందుకు రావడం లేదు. మళ్లీ ముట్టుకుంటే మామయ్య చచ్చిపోతాడనిపించింది. ఆయన ఈసారి మాట వాడలేదు. అరచెయ్యి గుండెకి ఆనించుకుని, మెల్లగా ముందుకు తోసి చూపించాడు, తలుపు తోసినట్టు. మళ్లీ చూపించాడు. మూడోసారి చూపిస్తూ నవ్వడానికి ప్రయత్నించాడు. కళ్లు మూసుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తోశాను.

కళ్లు తెరిచేసరికి ఆయన చేతికి తువ్వాలు చుట్టుకుంటున్నాడు. నా దగ్గరికి వచ్చి, చెవి దగ్గర వంగి, "బాగా సేసినావమ్మా. ఎల్లి అమ్మమ్మని పిలు" అన్నాడు.

అమ్మమ్మ, ఇరుగుపొరుగువాళ్లు కలిసి ఆయన్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఎలా జరిగిందని అడిగినవాళ్లందరినీ తప్పించుకు తిరిగాను. అన్నం ముట్టలేదు. పోలీసులు వస్తారని, నన్ను తీసుకుపోతారని అనుకున్నాను. వీధిలో ఏ బండి ఆగినా మంచం కిందికి దూరేదాన్ని.

మర్నాడు ఉదయం కబురందుకుని మా నాన్న వచ్చాడు. నన్ను కూడా ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మామయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. కట్టు చూస్తేనే తెలిసింది, చిటికెన వేలు, ఉంగరం వేలు ఇక లేవని. నాన్న నా వైపు తిరిగాడు.

"నువ్వేటి సేసినావే అక్కడ? లీవరు నువ్వే లాగినావా?"

అవునని తలూపాను. నాన్న చెయ్యెత్తాడు. వార్డులో అందరూ మా వైపే చూస్తున్నారు.

"బావా, దాని మీద సెయ్యెయ్యకు" అన్నాడు మామయ్య. "తప్పు నాది. ఆ మోతలో ఆగంటే లాగనే ఇనపడతాది. ఇరవయ్యేళ్లు మిషన్ల కాడ పనిసేసినోణ్ణి, నాకు తెలవాల. పదేళ్ల గుంటకి లీవరిచ్చింది నాను. తిడితే నన్ను తిట్టు."

నాన్న చెయ్యి దించేశాడు. నేను అప్పుడు ఏడ్చాను, అంతవరకూ రాని ఏడుపంతా.

ఆ సెలవులు అయిపోయేలోగా మామయ్య అడితికి తిరిగొచ్చాడు. నేను వంటింటి గడప దగ్గరికి కూడా వెళ్లడం మానేశాను. ఒకరోజు ఆయనే వచ్చి ట్రాక్టరు తాళం నా చేతిలో పెట్టాడు. "ఇది నీ కాడుంచు. నీ కాడున్నంతసేపూ బండి కదల్దు. రా, ఒకటి సూపింతాను" అన్నాడు. తాళాన్ని పిడికిట్లో బిగించి పట్టుకుని వెళ్లాను. లీవరు పక్కన కొత్తగా ఇంకొక లీవరు వెల్డింగు చేయించాడు. రెండు చేతులతో రెండూ ఒకేసారి లాగితేనే జాకీ కదిలేటట్టు.

"ఇంక ఎవుడు నడిపినా రెండు సేతులూ ఈటి మీదే ఉండాల. మొద్దు కాడ సెయ్యే ఉండదు. రెండో మనిసే వద్దు."

యంత్రాన్ని ముట్టుకోమని ఆయన నన్ను బలవంతపెట్టలేదు. నేనూ ముట్టుకోలేదు. ట్రాక్టరు మోత వింటే ఇప్పటికీ రోడ్డు అవతలికి దాటేస్తాను. ఆ భయం పోలేదు, పోతుందని నేననుకోను కూడా.

నాకిప్పుడు యాభై దాటాయి. చాలా ఏళ్లు ఒక హాస్టలు వంటశాల నా చేతికింద నడిచింది. ఒకసారి ఎగ్జాస్టు ఫ్యాన్ల హోరులో, అన్నం గిన్నె పట్టుకున్న, నాకంటే పెద్దావిడ ఒకామెకి దూరం నుంచి వంచకు అని చెప్పాను. ఆమెకి వంచు అని వినిపించింది. మరిగే గంజి కాళ్ల మీద పడింది. కట్లు కట్టించుకుని వచ్చిన ఆమెని వార్డెను తన గదిలోకి పిలిచి, పనిలోంచి తీసేస్తానన్నాడు. ఆమె నేలకేసి చూస్తూ నిలబడింది. నేను పక్కనే ఉన్నాను. నా ఉద్యోగం, ఇంట్లో చదువుకుంటున్న నా కూతురు, అన్నీ కళ్లముందు తిరిగాయి. ఊరుకుంటే ఎవరికీ తెలియదు.

రెండు వేళ్లు పోగొట్టుకున్న మనిషి, వార్డు నిండా జనం వింటుండగా అన్న మాట ఎంత బరువైందో నాకు ఆ గదిలో తెలిసింది.

"సరిగ్గా చెప్పనిది నేనండీ" అన్నాను. "ఆ హోరులో వంచకు అంటే వంచు అనే వినపడుతుంది."