కుసుమల పాలు

అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం జులూసులో నడవడానికి పట్నం వెళ్లిన మా అన్న పోలీసు గుండు తగిలి పోయాడు. దినాలు అయిన వారానికి మొయినాబాద్‌లో మా ఇంట్లో బర్రె ఈనింది. దూడ బతకలేదు.

దూడ ముందు లేకపోతే బర్రె పాలు చేపదు. అందుకని బాపు, అంటే మా నాయన, చచ్చిన దూడ తోలులో గడ్డి కుక్కి కుట్టించి, ఆ బొమ్మను బర్రె ముందు నిలబెట్టాడు. బర్రె దాన్ని నాకుతూ చేపింది.

పాలు పిండుతున్న మా అమ్మ చెంబు కింద పెట్టి లేచింది. అమ్మను మేము అవ్వ అనేవాళ్లం.

"దాన్ని గిట్ల మోసం జేసుడు నాతోని కాదు. ఆ బొమ్మను తీసి పారెయ్యి" అన్నది.

బర్రె వట్టిపోయింది. పాలకు బదులు అవ్వ కుసుమలు, నూనె తీసే ఆ తెల్లటి గింజలు, నానబెట్టి, రోట్లో రుబ్బి, పాత చీర గుడ్డలో వడగట్టేది. తెల్లటి పాలే వచ్చేవి. బెల్లం వేసి కాస్తే కమ్మగానే ఉండేవి. తోడు వేస్తే మాత్రం పెరుగు కాలేదు, విరిగి నీళ్లు తేలాయి. నాకు ఏడుపు కూడా రాలేదు. తాగి, గ్లాసు కడిగి బోర్లించేదాన్ని.

అన్న మూడో మాసికం నాడు బాపు వాడి ఫోటో పెద్దది చేయించి, అద్దం కట్టించి తెచ్చాడు. గోడకు మేకు కొడుతుంటే, కుసుమల గుడ్డ పిండుతున్న అవ్వ తలెత్తి చూసింది.

"నాకు గూడ గడ్డి కుక్కి తెచ్చినవా?" అన్నది.