నాన్న చెంబెడు అంబలి

ఈ ఉదయం పొయ్యి మీద చోడిపిండి, అదే రాగిపిండి, వేగుతుంటే లేచిన కమ్మటి వాసనకి గాజువాకలోని మా పాత రెండు గదుల ఇల్లు గుర్తొచ్చింది. ఆ గుమ్మంలో గొంతుక్కూర్చుని, ఇత్తడి చెంబెత్తి గటగటా అంబలి తాగే నాన్న గుర్తొచ్చాడు.

నాన్న ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేసేవాడు. సాయంత్రం బస్సు దిగి వస్తే ఒంటినిండా నూనె, ఇనప రజను వాసన, జేబులో మాకోసం మిషను మీద చెక్కి తెచ్చిన చెక్క బొంగరం. వేసవిలో చింతచిగురూ రొయ్యపప్పూ, వానల్లో కవళ్ల చేపల పులుసూ, అమ్మవారి పండక్కి గారెలూ వేటకూరా, ఏది వండినా నాన్న పళ్లెంలో అన్నం కుప్ప పక్కన ఓ మూల ఒదిగి ఉండేది.

నాన్నకి షుగరని తేలినప్పుడు డాక్టరు అన్నం తగ్గించమన్నాడు. అసలే మొండిఘటం, తగ్గించడమేమిటని మొత్తానికే మానేశాడు. ఆకలేసినప్పుడల్లా అంబలి. మా వైపు అంబలి తాగేదే గాని తినేది కాదు. చెంబెడు తాగినవాడు కూడా పొద్దుట్నుంచీ ఏమీ తినలేదనే చెబుతాడు. పైగా చోళ్లు షుగరుకి మంచివని వీధి వీధంతా చెప్పింది. అందులో గుప్పెళ్లకొద్దీ బియ్యం నూక ఉడుకుతోందన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఆ వానాకాలం నాన్న కాలి బొటనవేలికి ఇనప రజను గుచ్చుకుంది. పుండు మానలేదు. ఇలాగే ఉంటే వేలు తీసెయ్యాల్సి రావచ్చని డాక్టరు చెప్పాడు. రోజంతా నిలబడి చేసే పని నాన్నది. అన్నం ముట్టడం లేదని నాన్న వాదిస్తుంటే, మరేం తాగుతున్నావని అడిగాడు డాక్టరు. అమ్మ చెంబు ఎంత పెద్దదో చేతులతో చూపించింది.

ఇంటికి రాగానే అమ్మ ఆ చెంబుని అటకెక్కించింది.

"నాను బతికుండగా నీ యేలెలా తీత్తారో సూత్తాను" అంది.

మాత్రలూ కట్లూ ఒకపక్క సాగుతుంటే, ఇంకోపక్క వంట మారింది. చోడిపిండిలో తోటకూర, ఉల్లిపాయలు కలిపి రొట్టెలు కాల్చింది. మొదటివి చెప్పుల అట్టల్లా వచ్చాయి, నవ్వుకుంటూనే నమిలాం. ఆ తర్వాత ఏకంగా పళ్లెమే తిరగేసింది. అన్నం ఉండేచోట బీరకాయో, ఆనపకాయో, చేపలో. కూర ఉండే మూలన చారెడన్నం. నాన్నకి వేరుగా వండితే రోగి తిండైపోతుందని అందరికీ అదే పెట్టింది.

అమ్మవారి పండగనాటికి పుండు మానింది. పండక్కి వచ్చిన మావయ్య నాన్న పళ్లెం చూసి, "ఏటి బావా, కూరలో అన్నం నంజుకుంతన్నావేటి?" అని ఏడిపించాడు. ఏడిపిస్తూనే తనూ మళ్లీ మళ్లీ కూర వేయించుకున్నాడు. సాయంత్రం డప్పుల ముందు నాన్న చిందేస్తుంటే వీధంతా నవ్వింది, అమ్మ పట్టుబట్టి బూట్లు తొడిగించింది మరి. నాకు మాత్రం ఏడుపొచ్చేంత సంతోషమేసింది.

ఇప్పుడా ఇల్లు లేదు. చెక్క బొంగరాలు లేవు. ఇత్తడి చెంబు ఏ పాతసామాన్లవాడి పాలయిందో తెలియదు. పులిసిన అంబలి తాగుతూ పచ్చిమిరపకాయ కొరికిన ఆ రుచి మళ్లీ నాకెక్కడా దొరకలేదు.

నేను రొట్టెలు కాలుస్తుంటే నాన్న వచ్చి ఈ ఇంటి గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఒకప్పుడు ఇంట్లోకి వస్తూనే అన్నమైందా అని అడిగేవాడు.

"ఈయేళ కూరేటమ్మా?" అన్నాడు, ఆ బొటనవేలు ఆడిస్తూ.