ఊరి మీద ఆగిన పడవ

చేపల గంపలను అవతలి ఒడ్డుకు దాటించే మోటారు పడవ ఓదెలుది. మాట తక్కువ మనిషి. జలాశయం నడుమకు రాగానే వేగం పెంచి, చూపు ఒడ్డు మీదే నిలుపుతాడు. ఆ నీళ్ల అడుగున అతని ఊరుంది. ఆ పొద్దున సరిగ్గా అక్కడే ఇంజన్ దగ్గి దగ్గి ఆగిపోయింది. తాడు ఎంత లాగినా అందుకోలేదు. ఫిల్టర్ కప్పు విప్పితే పెట్రోలు కింద నీళ్లు పేరుకుని ఉన్నాయి. వానాకాలమంతా డబ్బాలో నిలవున్న పాత పెట్రోలు అది.

"ఏమైందన్నా?" అంది పడవలో గంపల పక్కన కూర్చున్న చేపలమ్మే సమ్మక్క.

"పెట్రోల్ల నీళ్లు గలిసినయ్."

కప్పు, కార్బరేటర్ తుడిచి, గొట్టాన్ని కొత్త పెట్రోలు డబ్బాకు తగిలించసాగాడు. పడవ కదలదు. లేచి పోదామంటే చుట్టూ నీళ్లే.

"మీ ఊరు గిక్కడ్నేనట గదా?"

ఓదెలు గొట్టం బిగించి, నీళ్లలోకి చూశాడు.

"మా అవ్వను బొందవెట్టిన జాగ గిదే" అన్నాడు. "ఊరు ఖాళీ జేసిననాడు ఇంటి తలుపులు సుత పీక్కపోయినం. అవ్వను తీస్కపోలే."

సమ్మక్క తల మీదికి కొంగు లాక్కుని నీళ్ల అడుగునున్న ఆ తల్లికి దండం పెట్టింది. ఓదెలు తాడు లాగాడు. ఇంజన్ ఒక్కసారిగా అందుకుని గట్టిగా మోగింది. అతను ఉలిక్కిపడి దాన్ని ఆపేశాడు.

"చెల్లె, జరసేపు గిక్కడ్నే ఉందమా?" అన్నాడు.