గడ్డాలు గీయించిన సుల్తాను

తప్పులుంటే మన్నించండి, నేను చదివింది నాలుగో తరగతే. అరబ్బుల దేశంలో, జాబ్రియాలో నేను పనిచేసిన ఇంట్లో, మామా అని పిలిచే మా యజమానురాలి చిన్న కూతురు చరిత్ర పరీక్ష తప్పింది. మళ్లీ తప్పితే అదే క్లాసులో ఇంకో ఏడాది కూర్చోవాలి. అందుకని నేను బట్టలు ఇస్త్రీ చేస్తుంటే పక్కన కూర్చుని పాఠం నాకు అప్పజెప్పేది. నాకొచ్చిన అరబీతోనే వినేదాన్ని.

మంగోలు రాజు ఖ్వారిజం సుల్తాను దగ్గరికి ముగ్గురు రాయబారుల్ని పంపాడట. సరిహద్దులో తన వర్తకుల్ని చంపిన అధికారిని అప్పగించమని అడిగాడట. సుల్తాను ఒక రాయబారిని చంపించి, మిగతా ఇద్దరికీ గడ్డాలు గీయించి పంపేశాడట.

"చంపడం తప్పేగాని, గడ్డం గీయిస్తే ఏమైంది పాపా? మా వైపు గుండు కొట్టించుకుంటే మొక్కు తీరిందంటారు. ప్రసాదం కూడా పెట్టి పంపుంటాడు," అన్నాను.

పాప నవ్వాపుకోలేక సోఫా మీద పడిపోయింది. "మొక్కు కాదు, అవమానం. రాయబారిని అవమానిస్తే రాజుని అవమానించినట్టే. మా తాత గడ్డం ఎవరైనా గీస్తే ఊరుకుంటాడా? ఆ కోపంతోనే మంగోలులు వచ్చి రాజ్యమంతా నాశనం చేశారు."

"యల్లా, ఇంక కానీ, అదే రాసెయ్," అన్నాను.

అన్నాళ్లూ ఎంత చదివినా ఆ యుద్ధం ఎందుకొచ్చిందో ఆ పిల్లకి గుర్తుండేది కాదు. పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది, నా మొక్కు మాట గుర్తొచ్చి రాసేసిందట. పాసై వచ్చి, మామా ముందే నన్ను "అబ్లా" అని పిలిచింది, టీచరమ్మా అని.

"అయితే లెక్కలు కూడా నువ్వే చెప్పు," అంది మామా.

"అవి నాకూ రావు మామా," అన్నాను. ముగ్గురం నవ్వుకున్నాం.