‘ఒకవేళ’ మాస్టారు, విదేశీ చదువు

మా లెక్కల మాస్టారు నోటి వెంట ‘ఒకవేళ’ లేని మాట ఒక్కటైనా విన్నవాళ్లుంటే వచ్చి నాకు చెప్పండి, దండం పెడతాను. పదకొండేళ్లు ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాను. ‘ఒకవేళ’తో నిద్రలేచి, ‘ఒకవేళ’తో పడుకునే మనిషి. పిల్లలు ఆయనకు ‘ఒకవేళ మాస్టారు’ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఒకవేళ తెలియనట్టు ఉండకపోతే పిల్లలు నొచ్చుకుంటారేమోనని తెలియనట్టు ఉండేవారు.

ఒకసారి పిల్లల్ని జంతుప్రదర్శనశాలకు తీసుకెళ్లాం. ఒకవేళ బస్సు ఆగిపోతే, ఒకవేళ బాగుచేసే మనిషి దొరికినా అతని దగ్గర పానా లేకపోతే అని ఆయన ఇంటి నుంచి మోచేతి పొడవు పానా ఒకటి సంచిలో వేసుకొచ్చారు. బస్సు నిక్షేపంలా నడిచింది. పానా మాత్రం సంచి చిరిగి మా హెడ్మాస్టరుగారి కాలి మీద పడింది. ఆరోజు ఆయన సింహాన్ని కుంటుకుంటూ చూశారు. “ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు, లేని ప్రమాదానికి పానా ఏమిటయ్యా” అని హెడ్మాస్టరుగారు విసుక్కుంటే, మాస్టారు అదే సంచిలోంచి కాలికి కట్టు కట్టే గుడ్డ తీశారు. అది కూడా ఒకవేళ కోసం తెచ్చిందే.

ఆయన దగ్గర ఎప్పుడూ రెండు గొడుగులుండేవి. వాళ్లావిడ నాకు చెప్పిన మాట: పెళ్లి మాటలప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “ఒకవేళ నేను నచ్చకపోతే మీరెలా చెబుతారు?” అట. “ఇరవై రెండేళ్లయింది టీచరుగారూ, ఇంకా ఆలోచిస్తున్నాను” అందావిడ.

నాది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన స్వభావం. జరిగినప్పుడు చూసుకుందాం అనే రకాన్ని. అందుకే ఆ విదేశీ చదువు వ్యవహారంలో మా ఇద్దరికీ చెడింది.

ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లల్ని ప్రభుత్వమే తన ఖర్చుతో పది వారాలు విదేశంలో చదివించే పథకం అది. అరవై సీట్లు. అందరికీ సమాన అవకాశం అని కాగితం నెత్తిన పెద్ద అక్షరాలతో ఉండేది. ఐదేళ్లుగా మా బడి నుంచి ఒక్కరూ వెళ్లలేదు. మా పిల్లలకు మార్కులు లేక కాదు. ఆ పథకం చూసే ఆఫీసు చుట్టుపక్కల బడులకు కాగితం నెల ముందు అందేది, మాకు గడువుకు ఐదు రోజుల ముందు. ఆ ఏడు గురువారం వచ్చింది. మంగళవారం పది గంటలకు ఆఫీసు హాల్లో మీటింగు, అదేరోజు సాయంత్రం ఐదింటికల్లా ఫారాలు కౌంటర్లో ఇచ్చేయాలి.

నా తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. మార్కుల్లో మొదటిది, మాటల్లో ఆఖరిది. హాజరు పిలిస్తే కూడా చెయ్యెత్తేదే తప్ప నోరు విప్పేది కాదు. వాళ్లమ్మ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని చేసేది. ఈ పిల్లకు కాకపోతే ఇంకెవరికొస్తుంది సీటు అని శుక్రవారమే ఫారం నింపేశాను. తల్లిదండ్రులిద్దరి సంతకాలు కావాలన్నారు. తల్లి సంతకం శనివారం వచ్చింది. తండ్రి గడి ఖాళీ. నాన్న పని మీద వేరే ఊళ్లో ఉన్నాడంది పిల్ల. సోమవారం ఉదయం వచ్చి, నేల చూపులు చూస్తూ, “నాకు వెళ్లాలని లేదు మేడం, నా పేరు తీసేయండి” అంది.

నాకు ఒళ్లు మండింది. ఇంత చేసి, చివరికి ఇదా అని నాలుగు దులిపాను. పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుని వెళ్లిపోయింది. పక్క కుర్చీలోంచి మాస్టారు మెల్లగా, “టీచరుగారూ, ఒకవేళ ఆ అమ్మాయికి వెళ్లాలనే ఉంటే?” అన్నారు. మీ ఒకవేళలతో నా తల ప్రాణం తోకకొస్తోంది, కాసేపు ఊరుకోండి మహానుభావా అన్నాను. ఆయన ఊరుకుని లేచి బయటకు వెళ్లారు. మర్నాడు బస్సు దగ్గరకు ఆ పిల్లను వెంటబెట్టుకుని వచ్చారు. పేరు తీసేయొద్దు, మీటింగు అయ్యాక చూద్దాం అన్నారు.

హాల్లో రెండొందల మంది. వేదిక మీద పెద్ద కళ్లద్దాల ఆఫీసరమ్మ. ఆవిడ చదవాల్సింది చదివి, సందేహాలుంటే అడగమంది. ఇలాంటి చోట్ల ఆ మాటకు అర్థం ఇక లేవండి అని. మా మాస్టారు నోటుబుక్కు తెరిచి లేచి నిలబడ్డారు. 

ఇంటర్వ్యూ ఉదయం ఎనిమిదింటికన్నారు, ఒకవేళ పిల్లల ఊరి నుంచి మొదటి బస్సే తొమ్మిదికి చేరితే? ఒకవేళ వినికిడి తక్కువున్న పిల్లవాడికి ఫోనులో పరీక్ష పెడితే? ఒకవేళ ఇంట్లో కంప్యూటరు లేకపోతే, బడిలో ఉన్నది పనిచేయకపోతే? ఒక్కోదానికీ ఆవిడ జవాబు చెబుతోంది, ఆయన రాసుకుంటున్నారు, జనం నవ్వుతున్నారు. తొమ్మిదో ప్రశ్నకు నేను ఆయన చొక్కా అంచు పట్టుకుని లాగాను. వెనక నుంచి ఎవరో, “ఒకవేళ ఈయన కూర్చోకపోతే?” అన్నారు. హాలంతా గొల్లుమంది. సిగ్గుతో నేను తల దించుకున్నాను. మాస్టారు కూడా అందరితో పాటు నవ్వి, పేజీ తిప్పారు.

“ఒకవేళ తండ్రి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియకపోతే, రెండో సంతకం ఎవరు పెట్టాలండీ?”

నా పక్కనున్న పిల్ల చెయ్యి నా చేతికి తగిలింది. మంచులా ఉంది. అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. రెండేళ్లు దాని క్లాసు టీచర్ని, మళ్లీ నేనే.

“మీ బడిలో అలాంటి కేసుందా? ఉంటే ఆ పిల్లనో పిల్లవాణ్ణో లేపండి, చూస్తాను,” అంది ఆఫీసరమ్మ. ఆవిడ మంచికే అంది. కానీ రెండొందల తలలూ మా వరుస వైపు తిరిగాయి.  ఆ పిల్ల వంగి, ఊడని చెప్పు సర్దుకుంటోంది.

“లేదండీ, ఊరికే అడిగాను. నాకు నిద్ర పట్టదు, ఇలాంటివే తోస్తుంటాయి,” అన్నారు మాస్టారు. మళ్లీ నవ్వులు.

“కేసే లేనప్పుడు జవాబెందుకండీ?”

“జవాబు ముందే ఉంటే, కేసు లేచి నిలబడక్కర్లేదు కదండీ.”

ఆవిడ కళ్లద్దాలు తీసి ఆయన్ను కాసేపు చూసింది. తర్వాత నిబంధనల పుస్తకం తెప్పించుకుని, పక్కనున్న గుమస్తాతో గుసగుసలాడింది. తల్లి సంతకం ఒక్కటీ చాలు, హెడ్మాస్టరు ధ్రువీకరిస్తే సరిపోతుంది అంది. ఒకవేళ కౌంటర్లో వాళ్లు ఒప్పుకోకపోతే అని మాస్టారు. ఆవిడ విసుక్కోలేదు. అదే మాట కాగితం మీద రాసి, ముద్ర వేసి, కౌంటరు పక్క గోడకు అంటింపించింది.

తర్వాతదంతా పరుగే. హెడ్మాస్టరుగారు పెళ్లి భోజనానికి వెళ్లారు, ఎంగిలి చెయ్యి కడుక్కోకుండా ఎడమచేత్తో కలం పట్టుకోబోతే, కడుక్కుని కుడిచేత్తోనే పెట్టండని బతిమాలి సంతకం పెట్టించాను. ఐదుకు పది నిమిషాలుందనగా కౌంటరు చేరాం. ఆ గోడ దగ్గర నలుగురు తల్లులు, ఒక తాతయ్య నిలబడి ఆ కాగితాన్ని ఎత్తి రాసుకుంటున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. వాళ్లలో ఎవరూ పొద్దున హాల్లో చెయ్యెత్తినవాళ్లు కారు.

తిరుగు బస్సులో ఆ పిల్ల తనంతట తాను అన్ని మాటలు మాట్లాడటం మొదటిసారి విన్నాను. “నిన్న సార్ అడిగారు మేడం, హాల్లో నువ్వు అడుగుతావా, నన్ను అడగమంటావా అని. చచ్చిపోతాను సార్ అన్నాను. అయితే అది నాదే అనుకో, నన్ను చూసి ఎలాగూ నవ్వుతారు, ఇంకో నవ్వు బరువేం కాదు అన్నారు.” ఆ తర్వాత, “ఆ వినికిడి ప్రశ్న ఎనిమిదో తరగతి వాడిది మేడం. కంప్యూటరుది మా బెంచీ అమ్మాయిది,” అంది. నేను కిటికీ వైపు తిరిగాను. పదకొండేళ్లు ఆ ఒకవేళల్ని లెక్కపెట్టి నవ్వాను తప్ప, ఏది ఎవరిదని ఒక్కసారీ అడగలేదు.

సీటు వచ్చింది. బడంతా ఎగిరి గంతేసింది. సీటొచ్చిన ప్రతి బడి నుంచి ఒక టీచరు తోడు వెళ్లాలంటే, హెడ్మాస్టరుగారు లెక్కల మాస్టారి పేరు రాసి పంపారు.

ఆరోజు నుంచి మాస్టారు ఒకవేళ అనడం మానేశారు. వారం గడిచింది. నాకు భయం పట్టుకుంది. వాళ్లావిడ ఫోను చేసి, “అన్నిటికీ సరే సరే అంటున్నారు టీచరుగారూ, డాక్టరుకు చూపించమంటారా?” అంది. ఏమైందని అడిగితే ఆయన ఏమీ లేదంటారు. బడి మీదుగా విమానం పోతే మాత్రం సుద్దముక్క ఆయన చేతిలోనే విరిగిపోయేది.

ప్రయాణానికి మూడు రోజుల ముందు అదే హాల్లో ఆఖరి మీటింగు. అదే ఆఫీసరమ్మ, సందేహాలుంటే అడగమని మా మాస్టారి వైపే చూసింది. ఆయన నోటుబుక్కు మూసుకుని నేల చూస్తున్నారు. అప్పుడు నా పక్కనుంచి ఆ పిల్ల లేచింది.

“ఒకవేళ... ఒకవేళ తోడు వచ్చే సార్‌కి విమానమంటే భయమైతేనండీ?”

హాలంతా నవ్వింది. పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. కూర్చోలేదు.

“మీ బడిలో అలాంటి కేసుందా?” అంది ఆఫీసరమ్మ.

“లేదండీ. ఊరికే అడిగాను.”

ఆవిడ నవ్వలేదు. అలాంటివాళ్లకు కిటికీ పక్కన కాకుండా నడిచే దారి పక్కన సీటు ఇప్పిస్తామని, పక్క సీట్లో వాళ్ల విద్యార్థినే కూర్చోబెడతామని, విమానం పైకి లేచేదాకా ఆ విద్యార్థి ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండాలని చెప్పింది. మాట్లాడగలవా అని అడిగితే, మాట్లాడతానంది పిల్ల.

మాస్టారు తలెత్తలేదు. నోటుబుక్కు తెరిచి, ఆ జవాబంతా పొల్లు పోకుండా రాసుకుని, కింద రెండు గీతలు గీసుకున్నారు.