సన్నాయి మొరాయించిన ముహూర్తం

భిలాయి ప్లాంటులో ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళకు సన్నాయి వాయించేవాణ్ణి. డోలు మా బావది. జాముల్‌లో ఒక కాంట్రాక్టరు తన పెద్దకూతురి పెళ్ళిలో మమ్మల్ని పంక్తిలోంచి లేపేశాడు. "మేళపోళ్ళకి మాతో భోజనమేటి?" అన్నాడు. షెడ్డు వెనక చల్లారిన పులిహోర పెట్టించి, తిండి పెట్టాను కదా అని మా డబ్బుల్లో కోత కూడా కోశాడు. ఆ పులిహోర నాకు రెండేళ్ళు అరగలేదు.

చిన్నకూతురి పెళ్ళికి మళ్ళీ పిలిచాడు. ఆ చుట్టుపక్కల మరో సన్నాయి లేదు మరి. సంతోషంగా ఒప్పుకున్నాను.

ముహూర్తానికి పంతులుగారు చెయ్యెత్తి "గట్టిమేళం" అన్నారు. తాళి కట్టే వేళ ఎవరి తుమ్మూ వినపడకూడదనే మా హోరు. నేను సన్నాయి ఒళ్ళో పెట్టుకున్నాను, మా బావ డోలు మీంచి చేతులు తీసేశాడు. పందిరంతా ముక్కులు పట్టుకుంది.

"ఏటయ్యా, ఊదవేటి?" అన్నాడు కాంట్రాక్టరు.

"పాత పులిహోర అడ్డం పడింది బాబూ. డబ్బు పూర్తిగా ఇచ్చి, మీ పంక్తిలో కూకోబెట్టి, మీ సేత్తో వడ్డిస్తానంటే కిందకి దిగుతాది."

"ఇది బేరానికి టైమా?"

"మిగతా టైముల్లో మీకు నా మాట ఇనపడదు కదా."

"ఒప్పేసుకో బావా, నాకు తుమ్మొస్తంది," అన్నాడు వియ్యంకుడు.

కాంట్రాక్టరు అందరి ముందూ సరేనన్నాడు. అప్పుడు ఊదిన ఊపుకి ఊరి ఆ చివర రిసాలిలో పిల్లలు నిద్ర లేచారట.

భోజనాల్లో ఆయనే గారెల బుట్ట పట్టుకుని నా ముందు వంగాడు. చాలన్నట్టు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాలి కదా. నేను పెట్టలేదు.