అన్ని పేజీల పేరూ శ్రీరామే

మా ఇంట్లో పొద్దున్న దీపం పెట్టాక మా వదిన పాడుతుంది. వదిన అంటే మా ఆయన అక్క. ఇప్పుడు లేదు. ఫోనులో ఆవిడ వెబ్‌సైటు తెరిచి, హారతి పాట ఉన్న పేజీలో గుండ్రటి గుర్తు మీద నొక్కి, ఫోను దేవుడి పటాల పక్కన ఆనించి పెట్టేదాన్ని. మా అత్తమ్మ పీట మీద కూర్చుని కళ్లు మూసుకునేది. తెరిచినా ఆ కళ్లకి కనిపించేది తక్కువే. పాట చివర మంగళం దగ్గరికి రాగానే తడుముకోకుండా చెయ్యి చాపి గంట అందుకుని వాయించేది. అంతా అయ్యాక, "బాగా పాడినాది గుంట," అనేది. కూతురు పక్క గదిలోంచి పాడి ఇప్పుడే వంటింట్లోకి వెళ్లినట్టు అనేది.

వదిన విజయనగరంలో తన ఇంటి దగ్గరే పిల్లలకి సంగీతం చెప్పేది. మా అత్తమ్మ వాళ్లది రామతీర్థం గుడిలో పాడే కుటుంబం. మగవాళ్లు గుడిలో పాడినవి ఎవరో ఒకరు రాసుకున్నారు. ఆడవాళ్లు ఇళ్లల్లో పాడుకునే మేలుకొలుపులూ లాలిపాటలూ హారతులూ ఎవరూ రాయలేదని వదినకి బెంగ. బస్సెక్కి ఊళ్లు తిరిగి, పెద్దవాళ్ల చేత పాడించుకుని, నేర్చుకుని, వెబ్‌సైటులో పెట్టేది. ఒక్కో పాటకి ఒక్కో పేజీ. పైన పాట, మధ్యలో ఆ పాట ఇచ్చినావిడ ఫొటో, అడుగున వదిన గొంతు.

ఆవిడ పోయాక కంప్యూటరు మా ఇంటికి వచ్చింది. దాని లోపలి డిస్కు ఆవిడ ఉండగానే పాడైపోతే కొత్తది వేయించుకుంది. పాతవేవీ అందులో లేవు. ఫోను ఆసుపత్రి తిరుగుళ్లలో ఎక్కడో పోయింది. అంటే ఆ గొంతు ఉన్న చోటు ఆ వెబ్‌సైటు ఒక్కటే.

వానలు మొదలైన రోజుల్లో ఆ పేజీల పైన ఎర్రటి పట్టీ ఒకటి వచ్చింది. నెలాఖరుకి ఈ సేవ ఆపేస్తున్నాం, మీకు కావలసినవి మీ కంప్యూటరులో దాచుకోండి అని. మా ఆయన అది రెండుసార్లు చదివారు.

"ఏటంటరా?" అంది అత్తమ్మ.

"ఆ వెబ్‌సైటు మూసెస్తారంటమ్మా."

"మూసుకోమను. గుంట పాట ఏటవుతాది?"

ఆయన నా వైపు చూశారు. ఆయన పొద్దున్నే శృంగవరపుకోట డ్యూటీకి వెళ్తే దీపాల వేళ దాటాకే తిరిగి వస్తారు. కంప్యూటరు మీద నాలుగు అక్షరాలు కొట్టడం వదిన దగ్గర నేర్చుకున్నది నేనే. ఆ చూపుకి అర్థం నాకు తెలిసింది. వంటా, అత్తమ్మ స్నానమూ, కళ్లలో చుక్కల మందూ, మళ్లీ వంటా. వాటి మధ్య మధ్యాహ్నం నడుం వాల్చే కాస్త వేళ ఇక దీనికే పోతుందని అర్థం.

నేను బడికి వెళ్లలేదు. నాన్నే ఇంట్లో చదువు చెప్పారు. పలక మీద ముందు 'శ్రీరామ' రాస్తేనే 'అ ఆ'లు. పెద్దయ్యాక కూడా అంతే, కొట్టుకి పంపే సరుకుల చీటీ మీద కూడా శ్రీరామ లేకుండా మా ఇళ్లల్లో ఎవరమూ రాయం. వదినదీ అదే పెంపకం. ప్రతి పేజీకీ పేరు రాయమని వెబ్‌సైటు అడిగే చోట ఆవిడ శ్రీరామ అని రాసింది. పాట పేరు ఆ కిందే రాసింది. ఎప్పుడు చూసినా నా కళ్లకి అది చక్కగానే ఉండేది.

ఒక్కో పేజీ తెరిచి, సేవ్ అని నొక్కాను. ఏ పేరుతో దాచమంటావని అడిగి, జవాబు కూడా కంప్యూటరే రాసుకునేది, శ్రీరామ అని. ఇంతకంటే మంచి పేరు నేనేం పెడతాను, నొక్కేశాను. రెండో పేజీ దగ్గర్నుంచి ఒక చిన్న పలక లేచి, ఈ పేరుతో ఒకటి ఉంది, దాన్ని తీసేసి ఇది పెట్టనా అని అడగడం మొదలుపెట్టింది. అవునని నొక్కాను. అడిగినప్పుడల్లా అవునన్నాను. నడుం పీకుతుంటే, కళ్లు మండుతుంటే, మధ్యలో అత్తమ్మకి మజ్జిగ కలిపిచ్చి వస్తూ, కొన్ని మధ్యాహ్నాలు ఆ పని చేశాను. చివరి పేజీ అయ్యాక చేతులు జోడించి, స్వామీ, నీ దయ అనుకున్నాను.

మర్నాడు నెట్ ఆపి, దాచిన చోట తెరిచి చూశాను. ఒక్కటే ఉంది. శ్రీరామ. లోపల చిట్టచివర దాచిన లాలిపాట. అందులోనూ ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా. పాట గుర్తు మీద నొక్కితే ఉలుకూ పలుకూ లేదు.

ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి. మా పెద్ద తోటికోడలికి ఫోను చేశాను. ఆవిడ ఆమదాలవలసలో ఒక రైసుమిల్లు ఆఫీసులో కంప్యూటరు మీద పని చేస్తుంది. నేను ఆవిడని అప్పా అంటాను.

"అన్నీ సేవ్ సేసినానప్పా. సూస్తే ఒక్కటే ఉన్నాది."

"ఏ పేర్లు పెట్టినావే?"

"నేనేటి పెట్టలేదు. అదే పెట్టుకున్నాది. శ్రీరామ అని."

"అన్నిటికీనా?"

"అన్నిటికీ."

అవతల ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఒసే, అదే పేరుతో ఇంకోటి దాస్తే ముందుది పోతాదే! కొత్తది వచ్చినపుడల్లా పాతదాన్ని గెంటీసినాది. నిన్ను అడగలేదేటి?"

"అడిగినాది. అవునన్నాను."

"ఎందుకన్నావే తల్లీ!"

"ప్రతిదానికీ అడుగుతాది కదప్పా. గ్యాసు బుక్ సేసినా నిజమేనా అంటాది."

"ఆ రాముణ్ణి కాస్త పక్కన పెట్టి పాట పేరు రాయి."

శ్రీరామ లేకుండా రాయడం నాకు చేతకాదు. ఆవిడకి నా సంగతి తెలుసు. మళ్లీ ఆవిడే అంది, "సర్లే, ముందు రాముడు, ఎనకాల పాట. పెట్టెలో ఇద్దరికీ సోటుందిలే."

ఫొటోలు ఎందుకు రాలేదో కూడా చెప్పింది. పేజీ తెరవగానే దాచెయ్యకూడదట. అడుగుదాకా నెమ్మదిగా జరుపుకుంటూ వెళ్లాలి, ప్రతి ఫొటో కంటికి కనిపించాక అప్పుడు దాచాలి. పేజీతో పాటు అదే పేరుతో ఒక ఫోల్డరు కూడా వస్తుంది, అది చెత్త కాదు, ఫొటోలు అందులోనే ఉంటాయి, తీసెయ్యొద్దు అంది. పాటలు మాత్రం పేజీతో రావు. పాట పక్కన మూడు చుక్కలుంటాయి, అవి నొక్కి వేరేగా దింపుకోవాలి.

మళ్లీ మొదటి నుంచి. వాన పట్టిందంటే మా ఊళ్లో సిగ్నలు పోతుంది. ఫోను కిటికీ ఊచల మధ్య నిలబెట్టి, దాని నెట్ కంప్యూటరుకి ఇచ్చేదాన్ని. సగం దిగాక 'విఫలమైంది' అని వచ్చేది. మళ్లీ నొక్కితే మళ్లీ సగం. ఒక్కోసారి కరెంటే పోయేది. పేజీ జరుపుతుంటే ఒక్కో ముసలమ్మ మొహం మెల్లగా తేలేది. చెవులకి కమ్మలు, నోట్లో పళ్లు లేని నవ్వు. ఈ తల్లి పాడి ఇవ్వకపోతే ఈ పాట మాకేదీ అని ప్రతి ఒక్కరికీ మనసులో దండం పెట్టుకున్నాను. పెట్టుకుంటూనే విసుక్కున్నాను కూడా. రెండూ ఒకే మనసులో ఎలా ఉంటాయో నాకు తెలియదు, ఉన్నాయి.

పాటలు ఒక్కొక్కటే దిగాయి. హారతి తప్ప. వదిన అన్నిటికంటే ముందు పెట్టిన పాట అదే. అప్పట్లో వేరే ఏదో పద్ధతిలో పెట్టినట్టుంది, దాని పక్కన మూడు చుక్కలు లేవు. వినడానికి వినిపిస్తుంది, దించుకోబోతే అనుమతి లేదంటుంది. తోటికోడలు చెప్పినవన్నీ చేశాను. ఆవిడ మిల్లు నుంచి కూడా ప్రయత్నించింది.

"నా వల్ల కాదే," అంది చివరికి. "ఒకటే దారి. కంప్యూటర్లో పాట పెట్టు, పక్కన ఫోను పెట్టి రికార్డు సేసీ. ఇల్లు మాత్రం సద్దు లేకండా ఉండాల."

అప్పటికి నెలాఖరు వచ్చేసింది. ఆ మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చింది. ఫోను కిటికీలోనే ఉంచి, కంప్యూటరుని దాని పక్కకి జరిపాను. ఫ్యాను ఆపేశాను. కుక్కరు పొయ్యి మీంచి దించాను. వీధి తలుపు వేశాను. అత్తమ్మ నేనూ వింటానంటే పీట వేసి కూర్చోబెట్టాను.

"అత్తమ్మా, పాట అయినంత సేపూ మాటాడకండేం."

"కూతురు పాడతంటే నేనేటి మాటాడతానే?"

నిజంగానే మాట్లాడలేదు. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. వదిన పాడుతోంది. ఫోనులో అంకెలు కదులుతున్నాయి. ఊపిరి గట్టిగా తీసుకోవడానికి కూడా నాకు భయమేసింది. పాట మంగళం దగ్గరికి వచ్చింది. అత్తమ్మ చెయ్యి దానంతటది చాచుకుని, దేవుడి ముందున్న గంట తీసుకుంది. నేను లేచే లోపలే గణగణమని వాయించేసింది. మంగళం అయ్యేదాకా వాయించి, అప్పుడు ఆగిపోయింది.

"కొట్టీసినాను కదే," అంది చిన్నగా.

"పర్వాలేదు, మళ్లీ పెడదాం," అన్నాను.

మళ్లీ పేజీ తెరవబోతే సిగ్నలు లేదు. సాయంత్రం దాకా కిటికీ దగ్గరే కూర్చున్నాను. వాన మళ్లీ అందుకుంది. మర్నాడు పొద్దున్న తెరిస్తే పేజీ లేదు, ఎర్ర పట్టీ కూడా లేదు. ఈ చిరునామాలో ఏమీ లేదు అని మాత్రం ఉంది.

అత్తమ్మకి ఆ సంగతి చెప్పకుండానే దీపం పెట్టి, ఫోనులో నా రికార్డు పెట్టాను. గొంతు కాస్త దూరం నుంచి వస్తోంది, అయినా వదినే. మంగళం దగ్గర అత్తమ్మ చెయ్యి గంట దాకా వెళ్లింది. అంతలో ఫోనులోంచి గంట మోగింది. చెయ్యి అక్కడే ఆగింది. తల ఒకవైపు వంచి వింది. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"వాయించరా?" అన్నాను.

"నాది అందులోనే ఉన్నాది కదే. గుంటా నేనూ కలిసే సేస్తన్నాం. మళ్లీ ఎందుకు?"

పాట ముగిశాక ఫోనులోంచి 'కొట్టీసినాను కదే' అని ఆవిడ మాట కూడా వినిపించింది. అత్తమ్మ చటుక్కున మొహం తిప్పింది.

"ఎవురే ఆ ముసిల్ది? హారతి అవుతుంటే మాటలేటి?"

అప్పటి నుంచీ మా ఇంట్లో పొద్దున్న గంట ఫోనులోనే మోగుతోంది. ఆ చివరి ముక్క ఎలా కత్తిరించాలో తోటికోడలు చెప్పింది, తేలికేనట. నేను కత్తిరించలేదు. ఇప్పుడు ఆ మాట వచ్చే చోటికి అత్తమ్మ కాచుకుని కూర్చుంటుంది. రాగానే ఆ ముసలిదాన్ని తిడుతుంది. తిట్టాకనే, "బాగా పాడినాది గుంట," అంటుంది. నేను కర్పూరం హారతి ఆవిడ కళ్లకి అద్ది, మందు చుక్కలు వేయడానికి సీసా తెచ్చుకుంటాను.